‘పర్పుల్ హైబిస్కస్’లో టీ కప్పు, భోజనాల బల్ల, మూడు ఇళ్లు: చిహ్నాలను ఎలా చదవాలి?

మీ సందేహం ఇది: చిమమాండా న్గోజీ అడిచీ రాసిన ‘పర్పుల్ హైబిస్కస్’ చదివారు. ఎనుగులోని ఇల్లు అణచివేతకు, ఎన్సుక్కాలోని ఇల్లు స్వేచ్ఛకు చిహ్నాలని పరీక్షల గైడ్లలో చూశారు. తిండి ప్రస్తావన అన్ని పేజీల్లో ఎందుకు వస్తోందో మాత్రం ఎవరూ చెప్పలేదు. రచయిత్రి ఇదంతా కావాలనే పెట్టారా, లేక మనమే లేనిది ఊహించుకుంటున్నామా అని కూడా అడిగారు. ఈ నవలను చాలాకాలంగా పాఠం చెబుతున్నాను. నాకు తోచిన దారి చూపిస్తాను. కథ చివరిదాకా చదివారు కాబట్టి ముగింపును దాచకుండా మాట్లాడతాను.

ఈ నవలలో కథను ముందుకు నడిపేది నోట్లోకి వెళ్లే పదార్థమే. కథ మొదలయ్యేది ఒక కుర్రవాడు చర్చిలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా భావించి పూజలో తీసుకునే పలుచటి రొట్టె) తీసుకోకపోవడంతో. తండ్రి చావుకు కారణం టీలో కలిపిన విషం. ఈ రెండింటి మధ్య జరిగే ప్రతి ముఖ్య మలుపు దగ్గరా ఎవరో ఒకరు తింటూనో, తినడానికి నిరాకరిస్తూనో, తిన్నందుకు దెబ్బలు తింటూనో కనిపిస్తారు. అందుకే ‘ఈ పదార్థం దేనికి చిహ్నం?’ అనే ప్రశ్నను కాసేపు పక్కన పెట్టండి. ఇది ఎవరు ఇచ్చారు, వద్దనే హక్కు ఎవరికి ఉంది, వద్దంటే ఏమవుతుంది అని అడగండి. గైడ్లు ఇవ్వని జవాబులు అక్కడ దొరుకుతాయి.

నవల చదవని వారి కోసం నాలుగు మాటలు. 2003లో వెలువడిన ఇది అడిచీ తొలి నవల. కథ చెప్పేది పదిహేనేళ్ల కాంబిలి. తండ్రి యూజీన్ ఆగ్నేయ నైజీరియాలోని ఎనుగు నగరంలో ఫ్యాక్టరీల యజమాని, సైనిక ప్రభుత్వాన్ని ఎదిరించే పత్రికను నడిపే ధైర్యవంతుడు, అడిగినవారికి లేదనని దాత, నిష్ఠాగరిష్ఠుడైన కాథలిక్. ఇంట్లో మాత్రం భార్య బియాట్రిస్‌నూ, కాంబిలినీ, ఆమె అన్న జాజానూ దేవుడి పేరుతో హింసిస్తాడు. పిల్లలిద్దరూ విశ్వవిద్యాలయ పట్టణమైన ఎన్సుక్కాలో ఉండే మేనత్త ఇఫియోమా ఇంటికి కొద్దిరోజులు వెళ్లివస్తారు. ఆ ప్రయాణంతో ఇంటి కట్టడి బీటలు వారుతుంది.

ముందు టీ సంగతి చూద్దాం. యూజీన్ టీ తాగబోయే ముందు పిల్లలిద్దరికీ తన కప్పులోంచి ఒక్కో గుక్క ఇస్తాడు. అది ‘ప్రేమ గుక్క’. మనం ఇష్టపడే చిన్న చిన్న వాటిని మనం ప్రేమించేవాళ్లతో పంచుకోవాలని ఆయన మాట. ఆ టీ ఎప్పుడూ పొగలు కక్కుతూనే ఉంటుంది. నాలుక కాలుతుంది. ఆ పూట భోజనంలో కారం ఎక్కువైతే కాలిన నాలుక ఇంకా మండుతుంది. కాంబిలికి అదేమీ బాధగా తోచదు. నాలుక కాలిన ప్రతిసారీ నాన్న ప్రేమ తనలోకి దిగుతోందని ఆమె నమ్మకం. ఈ వాక్యాలు నవల మొదట్లోనే, ఏ ఆర్భాటమూ లేకుండా వస్తాయి. తొలి పఠనంలో చాలామంది దీన్ని ముచ్చటైన కుటుంబ అలవాటుగా చదివి దాటేస్తారు. అలా దాటేయాలనే రచయిత్రి ఉద్దేశం కూడా, ఎందుకంటే కాంబిలి దాన్ని అలాగే చూస్తోంది.

తర్వాత ఎన్సుక్కా నుంచి తిరిగి వచ్చాక జరిగేది గుర్తు తెచ్చుకోండి. క్రైస్తవం తీసుకోని తాతయ్యతో ఒకే ఇంట్లో ఉన్నామని పిల్లలు తండ్రికి చెప్పలేదు. అందుకు శిక్షగా యూజీన్ కాంబిలిని స్నానాల తొట్టిలో నిలబెట్టి, కెటిల్‌లోని మరిగే నీళ్లు ఆమె పాదాల మీద పోస్తాడు. పాపంలోకి నడిస్తే పాదాలు కాలతాయని చెబుతూ పోస్తాడు. పోస్తూ ఏడుస్తాడు కూడా. ఆ తర్వాత తన చిన్ననాటి సంగతి ఒకటి కూతురికి చెబుతాడు. మిషన్ బడిలో చదువుకునే రోజుల్లో తాను తన శరీరం పట్ల పాపం చేస్తుండగా, తనను ఇంట్లో పెట్టుకున్న మతగురువు చూశాడట. టీ కోసం నీళ్లు కాచమని ఆ కుర్రవాడికే చెప్పి, ఆ నీళ్లను గిన్నెలో పోసి, అతని చేతులను అందులో ముంచాడట. అది తన మంచికే జరిగిందని యూజీన్ ఇప్పటికీ నమ్ముతున్నాడు.

ఇక్కడ కాసేపు ఆగాలి. ఆ నీళ్లు వేరే దేనికో కాచినవి కావు, టీ కోసం కాచినవి. ఆ ఒక్క వివరంతో మొదటి అధ్యాయంలోని కప్పుకు చరిత్ర వచ్చేసింది. మతగురువు ఇంట్లో మరిగిన నీళ్లు ఒక కుర్రవాడి చేతుల మీదుగా, అతని కూతురి పాదాల దాకా ప్రవహించాయి. బ్రిటిష్ పాలనా, మిషన్ చదువూ, ‘నీ మంచికే’ అనే మాటా కలిసి ఒక ఇంటి వంటగదిలోకి ఎలా వచ్చాయో ఉపన్యాసం లేకుండా చెప్పడానికి ఇంతకంటే మంచి మార్గం నాకు తెలియదు. కాలిన అవయవాలను కూడా గమనించండి. చేతులు పాపం చేసినందుకు కాలాయి. పాదాలు పాపంలోకి నడిచినందుకు కాలాయి. మరి నాలుక? అది ప్రేమ పేరుతో కాలింది. నవల పొడవునా కాంబిలికి రానిది మాట. గొంతులో మాటలు అడ్డం పడతాయి, బడిలో ఆమె మౌనాన్ని పొగరనుకుంటారు. నాలుక కాలడానికీ ఈ మౌనానికీ సంబంధం ఉందని రచయిత్రి ఎక్కడా వాచ్యం చేయలేదు. అది నా పఠనం. కానీ నవలలోని అమరిక దాన్ని గట్టిగానే సమర్థిస్తుంది.

చివర్లో తల్లి నోట నిజం బయటపడుతుంది. పనిమనిషి సిసి ద్వారా తెప్పించిన విషాన్ని కొంతకాలంగా భర్త టీలో కలుపుతూ వచ్చింది. అప్పుడు కాంబిలికి ప్రేమ గుక్కలే గుర్తొస్తాయి. ఆమె తల్లిని అడిగేది ‘ఎందుకు చంపావు?’ అని కాదు. ‘టీలో ఎందుకు కలిపావు?’ అని. మీ రెండో సందేహానికి ఇంతకు మించిన జవాబు అక్కర్లేదు. మొదటి అధ్యాయానికీ చివరి అధ్యాయానికీ ముడి వేస్తున్నది విమర్శకులు కాదు, కథ చెబుతున్న అమ్మాయే.

ఒక జాగ్రత్త మాత్రం అవసరం. టీ అంటే హింస అని ఒక్క మాటలో రాసేయకండి. కాంబిలి ఆ గుక్కలను నిజంగా ప్రేమించింది. తండ్రి చనిపోయాక కూడా ఆయన ఆత్మశాంతి కోసం పూజలు చేయిస్తూనే ఉంటుంది, ఆ సంగతి జాజాకు చెప్పదు. ప్రేమా హింసా ఒకే కప్పులో, విడదీయలేనంతగా కలిసి ఉండటమే ఈ నవలలోని దుఃఖం. ఒకదాన్ని తీసేసి రెండోదాన్ని మాత్రమే చిహ్నంగా చూపిస్తే నవలకు అన్యాయం చేసినట్టే.

ఇక జాజా. ఈస్టర్‌కు ముందు వచ్చే మ్రానికొమ్మల ఆదివారం నాడు అతను సత్ప్రసాదం తీసుకోడు. కారణం అడిగితే ఆ వేఫర్ వల్ల నోరు వాసన వస్తుందంటాడు. యూజీన్ ఫ్యాక్టరీల్లో తయారయ్యే వాటిలో చాక్లెట్ వేఫర్లు, అరటి వేఫర్లు కూడా ఉన్నాయి. క్రీస్తు శరీరాన్ని ఆ పేరుతో పిలవకూడదని ఆ ఇంట్లో నియమం. జాజా ఆ పవిత్ర పదార్థాన్ని నాన్న ఫ్యాక్టరీ సరుకు పక్కన పెట్టేశాడు. అది తీసుకోకపోతే మరణమే అంటాడు తండ్రి. అయితే చచ్చిపోతాను అంటాడు కొడుకు. బరువైన పూజాగ్రంథం గాల్లోకి లేచి, అద్దాల అరలోని చిన్న నాట్యకత్తెల బొమ్మలు పగిలేది ఆ తర్వాతే.

అదే రోజు మధ్యాహ్న భోజనం ఇంకా సూక్ష్మమైనది. యూజీన్ 20 నిమిషాలు ప్రార్థన చేస్తాడు. మెత్తగా దంచిన ఫుఫు ముద్దలు, చేదాకులతో చేసిన ఒనుగ్బు సూప్ బల్ల మీద ఉంటాయి. ఫ్యాక్టరీ నుంచి కొత్తగా వచ్చిన జీడిమామిడి రసం సీసా తెస్తారు. అందరూ రుచి చూసి మెచ్చుకోవాలి, అది ఆనవాయితీ. తల్లి మెచ్చుకుంటుంది, కాంబిలి మెచ్చుకుంటుంది. జాజా ఏమీ అనడు. ఒక పదిహేడేళ్ల కుర్రవాడి తిరుగుబాటు మొత్తం ఆ ఒక్క రోజులో రెండు చిన్న చర్యలు: ఒకటి తినకపోవడం, రెండోది పొగడకపోవడం. ఎదుగుదల నవలల్లో కథానాయకుడు సాధారణంగా ఇల్లు విడిచి వెళతాడు, ప్రేమలో పడతాడు, పోట్లాడతాడు. ఇక్కడ భోజనాల బల్ల ముందు కూర్చుని నోరు మూసుకోవడమే ఎదగడం. నాకు ఈ నవల మీద గౌరవం పెరిగింది ఈ సన్నివేశం దగ్గరే.

కార్న్‌ఫ్లేక్స్ సన్నివేశాన్ని కూడా వదలకండి. నెలసరి నొప్పితో మెలికలు తిరుగుతున్న కాంబిలి పూజకు ముందు మాత్ర వేసుకోవాలి. ఖాళీ కడుపుతో వద్దని తల్లి నాలుగు చెంచాలు తినమంటుంది. తండ్రి చూస్తాడు. బెల్టుతో ముగ్గురినీ కొడతాడు. ఇక్కడ కాథలిక్ నియమం తెలిస్తే సన్నివేశం మరింత పదునెక్కుతుంది. సత్ప్రసాదానికి ముందు ఉపవాస కాలాన్ని 1964లో పోప్ ఆరవ పాల్ ఒక్క గంటకు తగ్గించారు. నీళ్లూ మందులూ ఆ ఉపవాసాన్ని భంగం చేయవు. 1983 నాటి చర్చి ధర్మశాస్త్రం వృద్ధులకు, అనారోగ్యంతో ఉన్నవారికి, వారిని చూసుకునేవారికి ఆ గంట నుంచి కూడా సడలింపు ఇచ్చింది. అంటే నొప్పితో ఉన్న కూతురి విషయంలో తన మతం చూపగల కనికరాన్ని కూడా యూజీన్ చూపలేకపోయాడు. ఈ నవలను మతం మీద దాడిగా చదివేవారికి నేను ఇదే చెబుతాను. ఎన్సుక్కాలో పిల్లలతో ఆప్యాయంగా మెలిగే యువ మతగురువు ఫాదర్ అమాది కూడా అదే చర్చికి చెందినవాడు. ఇఫియోమా కూడా రోజూ జపమాల తిప్పుతుంది, ప్రార్థనలో దేవుణ్ణి నవ్వులు కూడా అడుగుతుంది.

ఇళ్ల విషయానికొద్దాం. ఎనుగు ఇంటి చుట్టూ ఎత్తైన గోడ, పైన కరెంటు తీగలు. భోజనాల గది విశాలమైనది, దాన్ని ఆనుకున్న ముందు గది ఇంకా విశాలమైనది. అయినా అక్కడ ఊపిరి ఆడడం లేదంటుంది కాంబిలి. పైన గదిలోంచి దెబ్బల చప్పుళ్లు వినిపించాక తల్లి కిందికి వచ్చి నాట్యకత్తెల బొమ్మలను ఒక్కొక్కటిగా తుడుస్తుంది. బొమ్మలు పగిలాక మళ్లీ కొనదు. ఆ ఇంట్లో ఉన్న మరే వస్తువు కంటే ఆ అరకే ఎక్కువ కథ తెలుసు. ఒకసారి దెబ్బలకు గర్భం పోయే స్థితిలో ఉన్న తల్లిని తండ్రి భుజాన వేసుకుని దిగుతుంటే, సెమే సరిహద్దు దగ్గర ఫ్యాక్టరీ కోసం కొనే బియ్యం బస్తా గుర్తొస్తుంది కూతురికి. తల్లి కూడా ఆ ఇంట్లో సరుకే అయిపోయింది. తిండి పోలికలు ఇంత నిర్దయగా మారే చోట్లను వెతికి పట్టుకోండి.

సొంతూరు అబ్బాలో లెక్క వేరు. యూజీన్‌కు అక్కడ నాలుగంతస్తుల తెల్లటి భవనం, ముందు ఫౌంటెన్. క్రిస్మస్‌కు ఊరంతా వచ్చి తింటుంది, మిగిలింది మూటకట్టుకుని పోతుంది. అదే ఊళ్లో చిన్న ఇంట్లో ఉండే కన్నతండ్రికి మాత్రం ఆ బల్ల దగ్గర చోటు లేదు. దేవతలను వదిలేస్తేనే కొడుకు ఆదరణ. పిల్లలు తాతయ్య దగ్గర 15 నిమిషాలు మాత్రమే ఉండాలి, అక్కడ ఏదీ తినకూడదు, తాగకూడదు. తాతయ్య తన ముద్దలోంచి కొంచెం తీసి ‘అని’ అనే భూదేవత వైపు విసిరి, తనతో కలిసి తినమని ఆహ్వానిస్తాడు. అతనిలో దైవద్రోహం ఎక్కడ ఉందా అని కాంబిలి వెతుకుతుంది, కనిపించదు. దానం చేసేవాడు దేవుడికి సైతం షరతులు పెట్టినట్టుంటాడు. ఏమీ లేనివాడు తన పలచటి భోజనంలోంచే ముందు వాటా ఇస్తున్నాడు.

ఎన్సుక్కాలో కాంబిలి ముందుగా గమనించేది పైకప్పు ఎంత కిందికి ఉందో. ఒకదానితో ఒకటి పొసగని పళ్లేలు, కొందరికి ప్లాస్టిక్‌వి. పళ్లెంలో జొలోఫ్ రైస్, వేయించిన అరటి ముక్కలు, సగం కోడికాలు. నీళ్లు అన్నివేళలా రావు. అయినా భోజనాల దగ్గర అందరూ ఒకేసారి మాట్లాడతారు, ఎవరూ అనుమతి అడగరు. ఈ శబ్దమే కాంబిలికి కొత్త.

అక్కడే నవలకు గుండెకాయ అనదగ్గ సన్నివేశం ఉంది, ఒరా ఆకుల సన్నివేశం. సూప్‌లో వేసే ఈ ఆకులకు పీచు కాడలుంటాయి, ఎంత ఉడికినా మెత్తబడవు కాబట్టి చేత్తో ఏరి తీసేయాలి. కాంబిలికి ఆ పని రాదు. డబ్బున్నవాళ్ల ఇంట్లో ఒరా వండరేమో అని మేనత్త కూతురు అమాక దెప్పుతుంది. ఎప్పటిలాగే కాంబిలి మౌనం. అప్పుడు ఇఫియోమా అమాకను కసరదు. కాంబిలి మీదే గట్టిగా అరుస్తుంది: నీకు నోరు లేదా, తిరిగి చెప్పు! కాంబిలి చెబుతుంది. అరవనక్కర్లేదు, నాకు చేయడం రాదు, నువ్వు చూపించు అంటుంది. నీ గొంతు ఇంత గట్టిగా వస్తుందా అని అమాక నవ్వి, కాడలు ఎలా తీయాలో చూపిస్తుంది. ఎనుగులో తిండి సిద్ధమై బల్ల మీదికి వస్తుంది, తినేవాళ్ల వంతు మెచ్చుకోవడమే. ఇక్కడ తినేవాళ్లకు వండే పనిలో వాటా ఉంది. తెలియదని ఒప్పుకునే హక్కు ఉంది. తప్పు చేస్తే నేర్పుతారు, కొట్టరు. స్వేచ్ఛ అనే పెద్ద మాటను ఈ నవల ఈ చిన్న పనుల్లో చూపిస్తుంది. వ్యాసంలో మీరు కూడా ఆ మాటను వీలైనంత తక్కువగా వాడండి.

అయితే ఎన్సుక్కాను స్వర్గంగా చూపించే గైడ్లతో నేను ఏకీభవించను. అధ్యాపకులకు జీతాలు అందవు, పెట్రోలు దొరకదు, భద్రతా సిబ్బంది వచ్చి ఇల్లంతా చిందరవందర చేస్తారు. 1960లో మొదలైన ఆ విశ్వవిద్యాలయ నినాదం మానవ గౌరవాన్ని పునరుద్ధరించడం. సింహం బొమ్మ కింద ఆ మాటలున్నాయి. అంతకుముందు మనిషి గౌరవాన్ని ఎప్పుడు పోగొట్టుకున్నాడని పిల్లల్లో ప్రశ్న వస్తుంది. చివరికి ఇఫియోమా కుటుంబం అమెరికా వెళ్లిపోతుంది. అక్కడి నుంచి ఆమె పెద్ద పెద్ద టమాటాల గురించి, చౌక రొట్టె గురించి రాస్తుంది. కరెంటు పోదు, వేడినీళ్లు కుళాయిలోనే వస్తాయి, కానీ మేం ఇప్పుడు నవ్వడం లేదు, ఒకరినొకరు చూసుకునే తీరికే లేదు అని అమాక రాస్తుంది. పేదరికం మంచిది, సంపద చెడ్డది అనే తేలిక సూత్రాన్ని ఈ ఉత్తరాలే తిప్పికొడతాయి. కలిసి కూర్చునే బల్ల పోతే టమాటా సైజుతో ఒరిగేదేమీ లేదు.

దేశ రాజకీయం కూడా భోజనాల బల్ల దగ్గరికే వస్తుంది. యూజీన్ పత్రిక సంపాదకుడు అడే కోకర్ ఉదయం ఫలహారం చేస్తుండగా వచ్చిన పార్సిల్ విప్పి, బాంబు పేలి చనిపోతాడు. నైజీరియాలో 1986 అక్టోబరు 19న ‘న్యూస్‌వాచ్’ సంపాదకుడు డెలే గివా లేగోస్‌లోని తన ఇంట్లో పార్సిల్ బాంబుకే బలయ్యాడు. ఆ చరిత్ర తెలిసిన పాఠకుడికి ఈ సన్నివేశం వేరుగా తగులుతుంది. నియంత ఒక ఇంటి ఫలహారాన్ని ఛిద్రం చేస్తున్న రోజుల్లోనే, ఆ నియంతను ఎదిరించే మనిషి తన ఇంటి భోజనాన్ని భయంతో నింపుతున్నాడు. రచయిత్రి ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి ఊరుకుంటారు, పోల్చమని చెప్పరు.

జాజా పేరు గురించి ఒక మాట. మేనత్త అతనికి ఒపోబో రాజు జాజా కథ చెబుతుంది. పామాయిల్ వ్యాపారాన్ని బ్రిటిష్ వారికి అప్పగించనందుకు 1887లో ప్రవాసానికి పంపబడిన రాజు అతను. తిరిగి స్వదేశం చేరకముందే 1891లో చనిపోయాడు. తల్లి చేసిన హత్యను తన మీద వేసుకుని జైలుకు వెళ్లే కుర్రవాడికి ఆ పేరు ఉండటం యాదృచ్ఛికం కాదు.

ఊదా మందారాల గురించి తక్కువే చెబుతాను, ఎందుకంటే అందరూ వాటి గురించే చెబుతారు. ఎనుగు ఇంటి ముందు ఎర్ర మందారాలే ఉంటాయి. ఊదావి మేనత్త స్నేహితురాలి ప్రయోగ ఫలితం. జాజా వాటి కొమ్మలు తెచ్చి నాటుతాడు. అతని ధిక్కారం ఆ పూలలాంటిదని కాంబిలే స్పష్టంగా చెప్పేస్తుంది కాబట్టి మనం వివరించడానికి పెద్దగా మిగలలేదు. చివరి పేజీలోని ఇక్సోరా (నూరువరహాల మొక్క) నాకు అంతకంటే విలువైనదిగా కనిపిస్తుంది. జాజా విడుదలయ్యాక తాను ఇక్సోరా నాటుతానని, ఆ పూల తేనె పీల్చుకుందామని కాంబిలి అంటుంది. నవల మొత్తంలో ఎవరూ వడ్డించకుండా, ఎవరూ ప్రార్థన చేయకుండా, ఎవరినీ మెచ్చుకోనక్కర్లేకుండా నోటికి అందే తీపి అదొక్కటే. నాటేదీ ఆమే.

మీ వ్యాసానికి చోటు పరిమితంగా ఉంటే మందారాలను ఒక్క వాక్యంలో దాటండి. ప్రేమ గుక్క, మతగురువు గిన్నె, స్నానాల తొట్టి, విషం కలిపిన కప్పు: ఈ నాలుగు భాగాలనూ వరుసగా మళ్లీ చదివి, ప్రతి చోటా వేడి ఎవరి చేతిలో ఉంది, ఎవరి ఒంటి మీద పడింది అని పక్కన రాసుకోండి. వాటికి ఎదురుగా ఒరా ఆకుల సన్నివేశాన్ని పెట్టండి. ఇంత సామగ్రితో పది పేజీలు రాయవచ్చు, గైడు తెరవనక్కర్లేదు.